నాలుగో మూట

డిసెంబరు 8, సోమవారం. మధ్యాహ్నం

పాప కోసం ఒక పుస్తకం రాయమంది అనిత. పెద్దయ్యాక చదువుకుంటుందట. అందులో నాలుగు పేజీలు రాశాను కూడా. బరువు రెండు కిలోల ఆరువందల గ్రాములు, కుడిచెవి వెనక పుట్టుమచ్చ, ముక్కు మా నాన్నది, గొంతు మా అత్తది. ఇది ఆ పుస్తకం కాదు. ఇది మందులషాపువాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చిన డైరీ. పదకొండు నెలలు ఖాళీగా పడి ఉంది. దీన్ని బాయిలరు గదిలో ఫ్యూజుల పెట్టె వెనక దాస్తాను. ఇంట్లో పెడితే బియ్యం డబ్బా అడుగున ఉన్నా మా అత్త తీస్తుంది.

ఆ పుస్తకంలో మంచివి రాస్తాను. ఇందులో నిజాలు రాస్తాను.

ఈ రోజు పొద్దున్న ఆరుగంటలకి ప్రసూతి వార్డు బాయిలరు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలీదు.

ఈ గెడ్డవలస ఆసుపత్రిలో మూడేళ్ళుగా ఏ బల్బు వెలగకపోయినా, ఏ కుళాయి కారినా పిలుపు నాకే. మేడమీద బాయిలరు గది తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. బాయిలరంటే మరీ పెద్ద యంత్రమేం కాదు. అయిదువందల లీటర్ల ఇనప డ్రమ్ము, లోపల నీళ్ళు కాచే కాయిలు, పైన నాలుగు బోల్టుల మూత, కిందనుంచి వార్డు స్నానాల గదులకి దిగే గొట్టం. ఆ గొట్టంలోంచి పొద్దున్న వేడినీళ్ళు రాలేదు. చన్నీళ్ళయినా సరిగ్గా రాలేదు. రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

వార్డులో పన్నెండుమంది బాలింతలు. పన్నెండుమందికీ పన్నెండుమంది తల్లులు, వాళ్ళకి తోడు మేనత్తలు. కొండమీంచి దిగిన మంచు తొమ్మిదయినా కిటికీలు వదలడం లేదు.

"బాలింతకి సన్నీళ్ళు పోసుకోమంతావేటి? వాతం కమ్మెయ్యదా? నీ పెళ్ళానికయితే పోస్తావేటి?" అంది మూడో మంచం ముసలమ్మ.

నా పెళ్ళాం అయిదో మంచం మీదే ఉంది. అది ఆవిడకి తెలుసు. తెలిసే అంది. అనితకి ఆపరేషనయి వారం. పాపకి కామెర్లు ఇంకా పూర్తిగా తగ్గలేదని నీలం లైటు కింద పెడుతున్నారు. పదహారో తారీకు దాకా ఇంటికి పంపరు.

సూపరింటెండెంటు రాజకుమారి మేడం పదింటికి వచ్చి డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగింది.

"యుగంధర్, విశాఖపట్నం నుంచి మెకానిక్‌ని పిలిపిస్తున్నాను. ఈలోపు ఇది ఎందుకు పాడైందో కనిపెట్టి కాగితం మీద రాసివ్వు. నిర్లక్ష్యం ఎవరిదైనా సరే, వచ్చే సోమవారం నుంచి వాళ్ళు ఈ గేటు లోపల ఉండకూడదు."

కనిపెట్టమని నాకే చెప్పింది. దొంగచేతికి తాళాలిచ్చినట్టుందని గిట్టనివాళ్ళు అంటే అనొచ్చు. ఇక్కడ దొంగా లేడు, దొంగతనమూ లేదు.

డిసెంబరు 9, మంగళవారం

నిన్న రాసినదాంట్లో ఒక ముక్క తప్పిపోయింది. ఆకుల సంగతి.

మా అత్త తవిటమ్మ లెక్కలో బాలింత స్నానమంటే వావిలాకు వేసి కాచిన నీళ్ళు. అవి కాకపోతే నడుంనొప్పి ముసలితనం దాకా వదలదట. అనిత లేచి కూర్చున్న రోజునే ఆసుపత్రి వెనక గోడపక్కన పొద దూసి గోనెసంచీ నిండా వావిలాకు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. "అల్లుడుగోరూ, కింద కేంటీన్ల కాసి, బకెట్టుతో పైకి తెండి. పొద్దున్నోపాలి, సాయంత్రమోపాలి" అంది. డాక్టరమ్మ కుట్లు తడపొద్దంది కదా అన్నాను. "కుట్లు తడపమని నానన్నానేటి? నడుముకీ కాళ్ళకీ పోస్తాను" అంది.

క్యాంటీను కింద. వార్డు రెండో అంతస్తులో. లిఫ్టు రోగులకి మాత్రమే. నిండు బకెట్టు, నలభై నాలుగు మెట్లు, రోజుకి రెండుసార్లు. అప్పుడు నా బుర్రలో వెలిగింది. నీళ్ళు కాగేచోటికే ఆకు వెళ్తే ఇక బకెట్టు మొయ్యడమెందుకు? పాత లుంగీ ముక్కలో ఆకు మూటకట్టి, బోల్టులు విప్పి డ్రమ్ములో వేశాను. విడిగా వెయ్యలేదు. మూటకట్టి వేశాను. నాకా మాత్రం తెలీదా.

కుళాయి తిప్పితే వావిలాకు వాసనతో నీళ్ళు వచ్చాయి. అయిదో మంచానికే కాదు, పన్నెండు మంచాలకీ వచ్చాయి. మా అత్త ముక్కు ఎగబీల్చి చూసి, "మా అల్లుడికి బుర్రున్నాది" అంది. పెళ్ళయి ఆరేళ్ళయింది. ఆవిడ నోట నా గురించి అలాంటి మాట వినడం ఇదే మొదలు. చాలా సంతోషం వేసింది. దాచడమెందుకు, మెట్లు దిగుతూ ఈల కూడా వేశాను.

ఒక మూట. ఒకే ఒక్క మూట.

దాన్ని ఈ రోజు పొద్దున్నే తీసేశాను. మూత విప్పి ఇనప కొక్కెంతో లాగుతుంటే మెట్లమీద బకెట్టు చప్పుడయింది. గురమ్మ పిన్ని. ఈ అంతస్తంతా ఊడ్చి తుడిచే మనిషి, అడిగిన బాలింతలకి వావిలాకు కోసిచ్చేదీ ఈవిడే. నాకు చుట్టం కాదు, ఆసుపత్రి మొత్తానికి పిన్నే. ఆపరేషను గదిలోంచి పాపని బయటికి తెచ్చినప్పుడు తలుపు దగ్గర నేను నిలువునా పడిపోతే, ఒక చేత్తో మా పాపని అందుకుని రెండో చేత్తో నా మొహాన నీళ్ళు కొట్టింది ఈవిడే. నా కూతుర్ని నాకంటే ముందు ఎత్తుకుంది.

"ఏటిరా, ఇంత పొద్దున్నే?" అంది.

"కాయిలు చూస్తున్నాను పిన్నీ."

"సూడు, సూడు" అని వెళ్ళిపోయింది.

మూట వీపు వెనకే ఉంది, చొక్కా అంతా తడిసింది. మా ఆసుపత్రిలో చెత్తడబ్బాలకి రంగులుంటాయి. రక్తం అంటినవి పసుపు డబ్బాలో, ప్లాస్టిక్కు గొట్టాలు ఎర్ర డబ్బాలో వెయ్యాలి. వావిలాకు మూట ఏ రంగులో వెయ్యాలో గోడమీద బోర్డులో రాసిలేదు. పసుపుదాంట్లో వేశాను.

ఇక డ్రమ్ములో ఏమీ లేదు. అయినా నీళ్ళు కాగలేదు. కాయిలు మాడిపోయింది. కాయిళ్ళు మాడుతూనే ఉంటాయి.

సాయంత్రం

కోతులు బోల్టులు విప్పగలవా?

డిసెంబరు 10, బుధవారం

పొద్దున్న ఏడింటికి వార్డంతా ఒక్కసారిగా కరెంటు పోయింది. పరుగెత్తాను. మెయిను పడిపోయింది. పైకి లేపితే మళ్ళీ పడింది. లోపలికి వెళ్ళి చూద్దును కదా, ప్లగ్గున్న ప్రతిచోటా ఒక బకెట్టు, ప్రతి బకెట్టులో ఒక హీటరు రాడ్డు. అమ్మమ్మలందరూ ఊళ్ళనుంచి తెప్పించుకున్నారు. నన్ను చూడగానే దుప్పట్ల కిందా, తలగడ గలీబుల్లోనూ దాచేశారు. మూడో మంచం ముసలమ్మ వేడిగా ఉన్న రాడ్డుని మంచం కిందికి తోసేసి ఏమీ ఎరగనట్టు మనవణ్ణి జోకొడుతోంది. తొమ్మిది రాడ్లు పట్టుకున్నాను. అందులో రెండు మా అత్తవి.

నవ్వొచ్చే సంగతే. కానీ మెయిను పడినప్పుడు పాప గదిలో నీలం లైటు కూడా ఆరిపోయింది. జనరేటరు అందుకునేదాకా అర నిమిషమే పట్టింది. డాక్టరమ్మ ఏమీ కాదంది. ఆ అరనిమిషం నేను గాజు తలుపు ఇవతల నిలబడి ఉన్నాను. బాయిలరు ఆగకపోతే రాడ్లు వచ్చేవి కావు. రాడ్లు రాకపోతే లైటు ఆరేది కాదు. బాయిలరు ఎందుకు ఆగింది అనేది తర్వాతి సంగతి.

మేడం చెప్పిందని క్యాంటీను దాలమ్మ తన సాంబారు గుండిగలో నీళ్ళు కాచి ఇస్తోంది. మోసేది నేను. ఏ నలభై నాలుగు మెట్ల గురించి భయపడ్డానో అవే ఎక్కుతున్నాను. ఎంత తోమినా ఆ గుండిగకి ఇంగువ వదలదు. మధ్యాహ్నం చూడ్డానికొచ్చిన ఎనిమిదో మంచం మొగుడు గుమ్మంలో నిలబడి, "టిఫినొచ్చిందేటి?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆ పిల్ల తడిజుట్టు ముందుకేసుకుని ఏడ్చేసింది.

మేడంకి ఇవ్వాల్సిన కాగితం మొదలుపెట్టాను. మొదటిసారి, గాలికి ఆకులు ఎగిరి వచ్చి పడ్డాయని రాశాను. నాలుగు బోల్టుల మూత గుర్తొచ్చి చింపేశాను. రెండోసారి ఉడతలని రాశాను. ఉడతలు మూట కట్టవు. మూడోసారి నీళ్ళలో సున్నం ఎక్కువని రాశాను. ఇది బాగుంది. ఆకుల మాటే రాలేదు. లోపల ఆకులు లేనప్పుడు ఆకుల మాట ఎందుకు రావాలి?

ఒకవేళ ఉంటే గింటే ఇంకొకటి ఉండొచ్చు. రెండో రోజు నీళ్ళకి మొదటి రోజు ఘాటు లేదని మా అత్త అంది మరి.

డిసెంబరు 11, గురువారం

విశాఖపట్నం మెకానిక్ మోహనకృష్ణ వచ్చాడు. బూట్లు, చేతికి తొడుగులు, నుదుటికి లైటు. సున్నం సంగతి చెప్పాను. వింటూనే మూత విప్పాడు. వంగి వాసన చూసి నావైపు తిరిగాడు.

"ఏమండీ, ఇందులో ఎవరైనా కషాయం కాస్తున్నారా?"

ఒక మూట తీశాడు. రెండోది తీశాడు. గొట్టం మూతి దగ్గర మూడోది ఊడిపోయి ఉంది. ఆకంతా కాయిలుకి మెత్తుకుపోయి నల్లగా మాడింది, గుడ్డ గొట్టంలో ఇరుక్కుంది. పటకారుతో లాగితే మెల్లగా బయటికి వచ్చింది. ఆకుపచ్చ గళ్ళ గుడ్డ. మేడం వెనకే నిలబడి ఉంది. ఆవిడ ఆ గుడ్డని రెండువేళ్ళతో ఎత్తి వెలుతుర్లో పట్టుకుంది.

మూడు మూటలు. ఇదీ లెక్క. ఇంతకుముందు రాసినవి వదిలేస్తే లెక్క మూడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనేమీ తడుముకోలేదు. ఒంటిమీద ప్యాంటే ఉందా అని మాత్రం ఒకసారి చూసుకున్నాను. సరిగ్గా అప్పుడే, నేలమీద పడిన ఆ నల్లనీళ్ళు తుడవడానికి గురమ్మ పిన్ని బకెట్టుతో వచ్చింది. వంగి గుడ్డ పిండింది.

ఆకుపచ్చ గళ్ళ గుడ్డ.

ఆ లుంగీని రెండుగా చింపింది నేను. ఒక సగం మూటలకి వాడి, రెండో సగం, "పిన్నీ, నేలకి పనికొస్తుంది ఉంచు" అని ఆవిడ చేతికి ఇచ్చింది నేను. మేడం చేతిలో ఉన్న ముక్కనీ, పిన్ని చేతిలో ఉన్న ముక్కనీ చూసింది. పిన్ని కూడా చూసింది. వెనక గోడపక్కన వావిలి పొదకి ఆకులు లేకుండా పోయిన సంగతి మేడం వారంగా చూస్తూనే ఉందట.

"బాలింతలకి ఆకు ఇచ్చేది నువ్వేనని అందరికీ తెలుసు గురమ్మా. ఇది నీ పనేనా?"

"నాకు తెలీదమ్మగోరూ."

"ఈ గుడ్డ నీకెక్కడిది?"

"ఎవులో ఇచ్చినారు. గురుతు లేదు."

నావైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాడినేమో. సోమవారం నుంచి రావద్దని మేడం చెప్పింది. పిన్ని తల ఊపి, మిగిలిన నల్లనీళ్ళు కూడా తుడిచేసి, గుడ్డ పిండి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం

గురమ్మ పిన్నికి వయసయింది. మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కలేకపోతోంది. ఇంటిపట్టున ఉంటే ఆవిడకే మంచిది.

పై నాలుగు ముక్కలూ రాసింది నా చెయ్యేనా? ఈ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపను. ఉండనీ.

డిసెంబరు 12, శుక్రవారం

కొత్త కాయిలు పడింది. ఎనిమిదింటికి నీళ్ళు కాగాయి. వార్డంతా పండగ. ఆవిరి తలుపుల కిందనుంచి వరండాలోకి వచ్చింది. బోల్టులు బిగించింది నేనని పన్నెండు మంచాలూ నన్ను దీవించాయి. దీవెనలు వింటూ తల ఎత్తలేకపోయాను.

మా అత్త చెంబుతో ముంచి వాసన చూసింది. "ఏటిది, ఒట్టినీళ్ళు" అంది. తర్వాత తీరిగ్గా, "అల్లుడుగోరూ, మీ పచ్చగళ్ళ లుంగీ ఏది? కనపడ్డం నేదు" అంది.

"చిరిగిపోయింది అత్తా."

"అలాగా. ఎన్ని ముక్కలయిందేటి?"

నేను పాపని చూసే నెపంతో అక్కణ్ణించి తప్పుకున్నాను. పాప నిద్రపోతోంది. అనిత నా మొహం చూసి, "బావా, పాప పుస్తకంలో మూడ్రోజులనించి ఏటీ రాయనేదు. మంచి సంగతులు అయిపోనాయేటి?" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం వరండాలో పిన్ని ఎప్పటిలాగే నేల తుడుస్తోంది. ఇంకో రెండు రోజులే కదా, ఏదో పైపైన కానిచ్చేయొచ్చు. మూలలు కూడా చేత్తో రుద్దుతోంది. దగ్గరికి వెళ్ళి, "పిన్నీ" అన్నాను.

"నేల తడిగున్నాది. జాగర్త" అంది.

తడి ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. ఆరాక కూడా నిలబడ్డాను.

డిసెంబరు 13, శనివారం. తొమ్మిదింపావు

కాగితం నాలుగోసారి రాశాను. సున్నం లేదు, ఉడతలు లేవు. మేడం తొమ్మిదిన్నరకి వస్తుంది.

ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో ఆలోచించాను. ఏమీ తోచలేదు. వెళ్తున్నాను.

డిసెంబరు 16, మంగళవారం

మూడు రోజులు ఏమీ రాయలేదు. రాయకపోవడానికి కారణం ఉంది. డైరీ ఇక్కడ ఉంది, ఇక్కడికొచ్చే తాళంచెవి నా దగ్గర లేదు.

శనివారం జరిగింది ఇది. మేడం గదిలో బల్లమీద ఆకుపచ్చ గళ్ళ ముక్కలు ప్లాస్టిక్ సంచీలో ఉన్నాయి. దారిలో మంచి మాటలు కూర్చుకుని వెళ్ళాను. లోపలికి వెళ్ళాక అవేవీ రాలేదు.

"మేడం, ఆ లుంగీ నాది" అన్నాను.

మేడం కలం మూత పెట్టింది. మొదటినుంచి చెప్పాను. అత్త, గోనెసంచీ, మెట్లు, మూట, మెచ్చుకోలు, మిగతా సగం గుడ్డ పిన్నికి ఇవ్వడం. చెబుతుండగానే ఎవరో వెళ్ళి పిన్నిని పిలుచుకొచ్చారు. గుమ్మం దగ్గర చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఎన్ని మూటలు వేశావు?" అంది మేడం.

"మూడు."

మెకానిక్ కాగితంలోనూ మూడే ఉంది. మేడం రెండూ సరిచూసుకుంది.

"అసలు ఎందుకు వేశావయ్యా? పన్నెండుమంది బాలింతల్ని చలిలో కూర్చోబెట్టి, మెయిను పడేసి... ఎందుకు?"

"మెట్లు ఎక్కలేక, మేడం."

పంపేస్తుందనే అనుకున్నాను. పాప మొహం కళ్ళముందు మెదిలింది.

"గురువారం నువ్వు నోరుమూసుకున్నందుకు నిన్ను పంపెయ్యాలి. ఈ రోజు నోరు విప్పినందుకు ఉంచుతున్నాను. గురమ్మ ఎక్కడికీ వెళ్ళదు. బాయిలరు తాళంచెవి ఇకనుంచి ఆవిడ దగ్గరే ఉంటుంది. ఈ నెలంతా ఈ వార్డులో ఆకునీళ్ళు కావాలన్న ప్రతి బాలింతకీ, కుట్లు తడవకుండా, బకెట్టుతో నువ్వే మోసుకొచ్చి ఇస్తావు" అంది. నేను నోరు తెరవబోయాను. "అయితే మెట్లు ఎక్కు" అంది.

మొలతాడు నుంచి తాళంచెవి విప్పి పిన్నికి ఇచ్చాను. ఆవిడ తీసుకుని కొంగున ముడివేసుకుంది.

బయట వరండాలో పన్నెండు మంచాల అమ్మమ్మలూ బారుగా నిలబడి ఉన్నారు. ముందు మా అత్త.

"సెప్పినావా?"

"మీకు తెలుసా?"

"ఓర్నాయనో, మొదట్రోజే అందరికీ సెప్పినాను కాదేటి! మా అల్లుడి బుర్ర అని మంచానికి మంచం తిరిగి సెప్పినాను. నాకు తెలిసినది పక్కమంచానికి తెలీకండా ఉంటాదేటి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

వార్డు మొత్తానికి తెలుసు. తెలియంది మేడం ఒక్కదానికే. పిన్నిమీద మాట పడిన సాయంత్రమే వీళ్ళందరూ కలిసి మేడం దగ్గరికి బయల్దేరారట. ఆపింది పిన్నే. "ఆడికి నోరున్నాది. ఆదివారం దాకా సూద్దుం" అందట.

"ఆదివారానికి కూడా చెప్పకపోతే?" అని అడిగాను.

"మరేటి, నాను పోదును. పసిగుంటని ఎత్తుకున్న సేత్తో దాని బువ్వ తియ్యమంతావేటి?" అంది పిన్ని, బకెట్టు ఎత్తుకుంటూ.

వాళ్ళందరి ముందూ ఏడ్చాను. సిగ్గేసింది. ఏడుపు మాత్రం ఆగలేదు. మూడో మంచం ముసలమ్మ, "ఏడుపయ్యాక మా బకెట్టు తే నాయినా, నీళ్ళు సల్లారిపోతాయి" అంది.

ఆ రోజు పన్నెండు బకెట్లు. ఆదివారం పన్నెండు. సోమవారం పద్నాలుగు, తెల్లారేసరికి ఇద్దరు పుట్టారు. భుజాలు పడిపోయాయి. మా అత్త మెట్ల చివర నిలబడి ప్రతి బకెట్టులోనూ వేలుముంచి చూస్తుంది. ఘాటు బాగుందంటుంది. బుర్రున్నాదని మాత్రం మళ్ళీ అనలేదు.

ఈ రోజు అనితనీ పాపనీ ఇంటికి పంపారు. పాప కళ్ళల్లో పసుపు లేదు. ఆటో ఎక్కించేముందు పిన్ని పాపని ఎత్తుకుని నుదురు వాసన చూసింది. "మా గుంటకి ఇంగువ వాసన నేదు, బతికిపోనాది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాప పుస్తకంలో ఈ మాట రాయాలి. పిన్ని పేరు కూడా రాయాలి. ఎవరికంటే ముందు ఎవరు ఎత్తుకున్నారో కూడా.

వాళ్ళని సాగనంపి వెనక్కి వచ్చాను. ఈ డైరీ లోపలే ఉండిపోయిందని మూడు రోజులుగా ప్రాణం పీకుతోంది. పిన్నికి చదువు రాదు. కానీ ఎవరైనా తీసి చదివి వినిపిస్తే? మేడమీదికి వెళ్ళే మెట్ల మీద కూర్చుని గుడ్డ పిండుతోంది.

"పిన్నీ, తాళంచెవి ఇయ్యి. ఫ్యూజులు చూడాలి."

"ఎన్ని మూటలురా?" అంది.

"అదేంటి, మూడు కదా."

పిన్ని లేవలేదు. గుడ్డ ఇంకోసారి తడిపి ఇంకోసారి పిండింది.

"పచ్చగళ్ళ మూట ఒకటి పసుపుడబ్బాల దొరికినాది నాకు. ఆకులు పసుపుడబ్బాల ఏసే ఎర్రిబాగులోడు ఈ ఆసుపత్రిల ఒక్కడే ఉన్నాడు. అది ఏ రోజు ఏసినావురా?"

ఇక్కడ రాస్తున్నాను. అది ఎనిమిదో తారీకు తెల్లవారుజామున వేశాను. అప్పటికే నీళ్ళు సన్నగా వస్తున్నాయి. గొట్టం పట్టేస్తోందని నాకు తెలుసు. కరెంటు పని చేసేవాణ్ణి, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది. మూత విప్పి కూడా పాతవి తియ్యలేదు. ముందురోజు ఏడో మంచం తల్లి, వాసన తగ్గింది, అల్లుడి ఆకు అయిపోయిందా అని మా అత్తని అడిగింది. మా అత్త నావైపు చూసింది. అందుకని ఇంకొకటి వేశాను. ఒక గంటకి బాయిలరు ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలీదని ఆ మధ్యాహ్నమే రాశాను.

"మూడు" అన్నాను మళ్ళీ. అలవాటుగా వచ్చేసింది.

పిన్ని బకెట్టులోకి చూస్తూ కూర్చుంది. కింద వార్డులో ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. నా బకెట్లు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి.

"నాలుగు" అన్నాను.

కొంగుముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.